భద్రం మాస్టారి ఏప్రాన్

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. బ్యాంకులోనూ కరెంటు బిల్లు మీదా ఆ పేరే ఉంటుంది. కానీ ఆ పేరు చెప్పి అడిగితే వీధిలో ఎవరూ ఇల్లు చూపించలేరు. "గాజు బట్టీ భద్రం మాస్టారు" అంటే మాత్రం పాల ప్యాకెట్లు వేసేవాడు కూడా సైకిలు దిగి మరీ చూపిస్తాడు. ఎవరు ఎదురొచ్చినా, ఎవరు వెళ్లిపోతున్నా, ఎవరి చేతిలో ఏమున్నా ఆయన నోట ముందు వచ్చే మాట "భద్రం". ఇక మాస్టారు అనే బిరుదు సంగతి. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. అడిగినవాడికీ అడగనివాడికీ చెబుతూ పోవడం వల్ల అదే వచ్చి అతుక్కుంది.

వీధి చివర, ఒకప్పుడు కార్లు బాగుచేసిన రేకుల షెడ్డులో ఆయన బట్టీ ఉంది. బట్టీ అంటే మంటలూ పొగగొట్టమూ ఉండేది కాదు. మంచమంత ఇనప పెట్టె, లోపల తెల్లటి ఇటుకలు, వాటి గాడుల్లో కరెంటు తీగల చుట్టలు, పైన బరువైన మూత. రంగు గాజు పలకల్ని కట్టర్‌తో గీసి, పట్టకారుతో విరిచి, ముక్కల్ని పక్కపక్కనా ఒకదాని మీద ఒకటీ పేర్చి మూత వేస్తే, అవి లోపల మెత్తబడి ఒక్కటిగా కలిసిపోతాయి. అలా కలిసిన పలకను అచ్చు మీద పెట్టి మళ్లీ కాలిస్తే తన బరువుకు తనే వంగి పళ్లెమో గిన్నో దీపం డోమో అవుతుంది. ఈ పనిలో సగం గాజు కోయడం, మిగతా సగం మూత తీయకుండా కూర్చోవడం. రెండోది చాలామందికి చేతకాదు.

మొదట్లో మాస్టారికీ చేతకాలేదు. కిటికీ అద్దాలు కోసే దుకాణంలో పనిచేసి, పాత బట్టీ ఒకటి కొనుక్కుని, మొదటి పళ్లేన్ని దాని లోపలి మట్టి పలక మీద నేరుగా పెట్టి కాల్చేశారు. పలకకు ముందు తెల్ల మట్టిపూత పూసి ఆరబెట్టాలని తెలియదు. మూత తీసేసరికి పళ్లెమూ పలకా ఒకటైపోయి ఉన్నాయి. ఉలి పెట్టి కొట్టినా విడిపోలేదు. రెండోసారి పూత పూశారు గానీ, చల్లారేదాకా మనసు ఆగక మూత కాస్త ఎత్తి చూశారు. చల్లగాలి తగిలి గాజు టప్పుమని రెండైంది. మూడోసారి ఆగారు. పళ్లెం నిగనిగలాడుతూ వచ్చింది. అత్తవారింటికి కానుకగా పట్టుకెళ్లారు. కొన్నాళ్లకు అందరూ భోజనాల దగ్గర కూర్చుని ఉండగా, ఎవరూ ముట్టుకోకుండానే బల్ల మీద అది నిలువునా పగిలింది. రెండు కంపెనీల గాజు కలిపి కాల్చడం ఆ తప్పు. చల్లారేటప్పుడు ఒకటి ఎక్కువ ముడుచుకుంటుంది, ఒకటి తక్కువ. పైకి అంతా బాగానే కనిపిస్తుంది. లోపల మాత్రం లాగుడు ఉండిపోతుంది.

పాలు తాగి నోరు కాల్చుకున్నవాడు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతాడని సామెత. ఈ మూడు దెబ్బలతో మాస్టారు మంచినీళ్లు కూడా ఊదుకుని తాగే స్థితికి వచ్చారు. షెడ్డులో చీపురు కనపడకూడదు, తడిగుడ్డే. గాజు గీసేటప్పుడు కళ్లద్దాలు, విరిచేటప్పుడు కూడా కళ్లద్దాలు, విరిచిన ముక్కను చూసి మురిసిపోయేటప్పుడు కూడా కళ్లద్దాలు. బట్టీ మూత ఎత్తేటప్పుడు మోచేతుల దాకా గ్లౌజులు. సానరాయి మీద నీళ్లు పడుతూనే ఉండాలి. పలక మీద పాత పూత గీకాలంటే ముందు నీళ్లు చిమ్మాలి, మూతికి రెండు వడపోత డబ్బాల మాస్కు బిగించాలి. గుమ్మం పక్కన మేకులకు వరసగా మాస్కులు వేలాడుతూ ఉండేవి, వచ్చేపోయేవాళ్ల కోసం.

కరెంటు మీటరు చూసుకునేవాడికి కూడా మినహాయింపు లేదు. మీటరు గుమ్మానికి పక్కనే, చూడ్డానికి ఊపిరి తీసుకునేంత సేపు పట్టదు. అయినా అతను మాస్కు పెట్టుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, అంకెలు రాసుకుని, అవన్నీ విప్పి తిరిగి మేకుకు తగిలించి పోవాలి. కందకు లేని దురద కత్తిపీటకెందుకని అతను గొణుక్కునేవాడు. మాస్కులోంచి ఆ గొణుగుడు మాస్టారికి వినపడేది కాదు.

అన్నిటికన్నా పేరుపడ్డది టార్చి పాఠం. గాజు పని నేర్చుకుందామని ఎవరొచ్చినా మొదటి రోజు గాజు ముట్టనివ్వరు. అందరికీ మాస్కులు బిగించి, కిటికీ తెర దించి, ఎండిన పూతను పలక మీద ఒక్కసారి గీకి, పక్కనుంచి టార్చి వేస్తారు. అంతవరకు ఏమీ లేని గాలిలో, ఆ వెలుగు పడినంత మేర, మెరుస్తూ తిరిగే నలుసులు.

"చూశారుగా. లైటు వేస్తేనే కనబడింది. లైటు ఆర్పేస్తే పోతుందా? పోదు, మన లోపలికే పోతుంది. ఇందులోనూ ఈ మెరిసేది పెద్ద రకం. అసలు రకం ఇంకా సన్నం, అది టార్చికి కూడా దొరకదు. గాజు తెగితే రక్తం వస్తుంది, తెలుస్తుంది. ఇది పోతే ఏమీ రాదు. అదీ దీంతో గొడవ."

ఈ పాఠం విన్నవాళ్లలో కొందరు మర్నాడు వచ్చేవాళ్లు కాదు. వచ్చినవాళ్లు జన్మలో మాస్కు మరిచేవాళ్లు కాదు.

గుమ్మం మీద బయటివైపు ఒక బోర్డు ఉండేది: "బయటి చెప్పులతో లోపలికి రావద్దు." గాజు మీద ఇంటి దుమ్ము పడితే కాల్చాక బుడగ వస్తుంది, వెంట్రుక పడితే సన్నటి గీతలా అందులోనే మిగిలిపోతుంది. అందుకని వచ్చేవాళ్లు చెప్పులు మార్చుకోవాలి, తల దులుపుకోవాలి. మాస్టారి భార్య టీ ఫ్లాస్కు తెచ్చినా గుమ్మం దాటేది కాదు. ఇటునుంచి చెయ్యి చాపి ఇచ్చి, అటునుంచి ఖాళీ ఫ్లాస్కు తీసుకుని వెళ్లిపోయేది. ఇంటి దుమ్ము షెడ్డులోకి రాకుండా ఇన్ని కట్టుదిట్టాలు చేసిన మనిషి, సాయంత్రం ఆ బోర్డు కిందనుంచే ఏప్రాన్ భుజాన వేసుకుని ఇంటికి నడిచి వెళ్లేవారు. బోర్డు బయటకు చూస్తూ ఉండేది, వెళ్లేవాళ్లకు అది కనపడదు.

షెడ్డులో రెండో మనిషి ఆయన బావమరిది. భద్రం అనే మాటకు ఎంత దూరంగా బతకవచ్చో అంత దూరంగా బతికే రకం. గ్లౌజులు చేతికి చెమట పోస్తాయంటాడు. కళ్లద్దాలు నుదుటి మీద పెట్టుకుంటాడు. వేళ్ల మీద కుట్లు లేని చోటు వెతకాలి. ఎప్పటికైనా ఈ పని కాటేస్తే వాణ్నే కాటేస్తుందని మాస్టారికే కాదు, వీధి మొత్తానికీ నమ్మకం.

అయితే అతనికి ఒక భయం ఉంది, పెళ్లాం. ఆ గాజు గుడ్డలతో గుమ్మం తొక్కితే గుమ్మంలోనే నిలబెట్టి దులిపేసేది. ఆవిడకు బట్టీ సంగతీ ఊపిరితిత్తుల సంగతీ ఏమీ తెలియదు. పరుపు మీద గరగరలాడుతుందని, అంతే. ఆ పోరు పడలేక అతను రోజూ షెడ్డు వెనక పంపు కింద స్నానం చేసి, పనిగుడ్డలు అక్కడే బకెట్లో నానబెట్టి, ఉతికిన చొక్కా వేసుకుని ఇంటికి పోయేవాడు.

"ఆడపెత్తనం అంటే ఇది. మగాడు తన ఇంటికి తను పోవడానికి స్నానం చేసి పోవాలట," అని మాస్టారు అతన్ని ఏడిపించేవారు.

"నీకేం బావా, మా అక్క నోరెత్తదు. అదృష్టవంతుడివి," అనేవాడు బావమరిది తల తుడుచుకుంటూ.

నోరెత్తదంటే మాట్లాడదని కాదు. భర్తను ఒక్క మాట అనదని. మామూలు మాటలకైతే మాస్టారి భార్యకు అడ్డూ ఆపూ లేదు. కూరగాయలకు వెళ్లి వచ్చిందంటే ఆ సంగతి చెప్పడానికి కూరగాయలు ఉడికేదాకా పట్టేది. ఎవరి గొంతు ఎలా ఉంటుందో అలా అనుకరించి చెప్పేది. పక్కింటి వాళ్లు గోడ అవతల పనులు ఆపుకుని వినేవాళ్లు. మాస్టారు భోంచేస్తూ ఊకొట్టేవారు. ఆయన రోజంతా చెప్పిన పాఠాలకు అది వడ్డీతో సహా తిరుగు చెల్లింపు.

ఆ మాటల మధ్య దగ్గు ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేదు. ముందు పొడిదగ్గు, గొంతు సవరించుకున్నట్టు. తరవాత వాక్యం మధ్యలో ఆగి, గోడ పట్టుకుని దగ్గి, ఎక్కడ ఆపిందో మరిచిపోయేది. ఆ సందు చూసి మాస్టారు తన సంగతి ఏదో మొదలుపెట్టేవారు. "మీ అక్క మాటలకు ఫుల్‌స్టాప్ లేదనుకునేవాణ్ని, దగ్గు వచ్చి ఆ లోటు తీర్చింది," అని బావమరిది దగ్గర జోకు కూడా వేశారు. ఇద్దరూ నవ్వుకున్నారు.

వంటగది మెట్లు దిగి వచ్చి కూడా ఆవిడ కూర్చుండిపోవడం మొదలుపెట్టాక నవ్వు ఆగింది. మాస్టారికి నిజంగా భయం వేసింది. భయం వేసినప్పుడు అందరూ చేసేదే ఆయనా చేశారు. కారణం తన ఇంటి బయట వెతికారు. దొరికింది కూడా. పెరటి గోడ అవతల వడ్రంగి ఉన్నాడు. రంపం, చిత్రిక, సాయంత్రానికి పొట్టు.

"మీ రంపంపొట్టు మా ఇంట్లోకి వస్తోంది. మా ఆవిడ ఊపిరాడక అల్లాడుతోంది. దుమ్ము పని చేసేవాడికి పక్కవాళ్ల గురించి ఆలోచన ఉండక్కర్లేదా?" అని గోడ మీదనుంచి నిలదీశారు.

వడ్రంగి మంచివాడు. "మాస్టారూ, అక్కయ్యగారికి నావల్ల ఇబ్బందైతే నేనిక్కడ పని చెయ్యను," అని బల్ల ఎత్తి అవతలి పక్కకు మార్చుకున్నాడు. ఎండలో తల మాడేట్టు అక్కడే పనిచేశాడు. మాస్టారు తన మాస్కు ఒకటి తీసుకెళ్లి అతని చేతిలో పెట్టి టార్చి పాఠం చెప్పి వచ్చారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆవిడ దగ్గు మాత్రం బల్లతో పాటు అవతలికి పోలేదు.

ఛాతీ డాక్టరు ఎక్స్‌రే తీయించి, వెలుగుతున్న గాజు పలకకు తగిలించి చూశాడు. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకున్న గుర్తులు ఉన్నాయన్నాడు.

"మీరేం పని చేస్తారమ్మా?"

"నేనేం చేస్తానండీ. ఇంట్లోనే ఉంటాను."

"రాళ్లు కొట్టే చోట గానీ, పిండిమర దగ్గర గానీ ఎప్పుడైనా..."

"అసలు బయటికే పోదండీ," అన్నారు మాస్టారు ముందుకు జరిగి. "నాది గాజు పని. మా షెడ్డు కూడా తొక్కదు. నేనే రానివ్వను. మా షెడ్డులో చీపురు ముట్టనివ్వనండీ, అంతా తడిపనే. మీటరు చూడ్డానికొచ్చే వాడికి కూడా మాస్కు పెట్టించే పంపిస్తాను."

డాక్టరు ఆయన పాఠం అంతా ఓపిగ్గా విన్నాడు. బయట జనం ఉన్నారు. "మంచిది. కానీ దుమ్ము ఎక్కడినుంచో రావాలి కదండీ. అది తెలుసుకోండి. ఆగకపోతే ఇది పెరుగుతుంది, మందులతో వెనక్కి పోయేది కాదు," అన్నాడు. ఆవిడ దారిలో ఆ డాక్టరు గొంతును అచ్చుగుద్దినట్టు అనుకరించబోయి, సగంలో దగ్గి, ఆటోలో తల వాల్చేసింది. మాస్టారికి ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకు వెళ్లి, గాజు గీయబోతే కట్టర్ లేదు. ఆయన చేతికి అలవాటైన కట్టర్ అది, ఇంకోటి పడదు. ఏప్రాన్ జేబులో ఉండిపోయి ఉంటుంది. ఉతికిన ఏప్రాన్ వేసుకుని వచ్చారు గనక పాతది ఇంట్లోనే ఉంది. దగ్గర దారని పెరటి సందులోంచి వెనక్కి వచ్చారు.

పెరట్లో రెండు గోడల మధ్య గట్టు ఉంది, బట్టలు ఉతికే చోటు. పొద్దుటి ఎండ అప్పుడే ఆ సందులోకి ఏటవాలుగా దిగింది. ఆవిడ ఆ గట్టు దగ్గర నిలబడి, ఏప్రాన్‌ను రెండు చేతులా పట్టుకుని గోడకేసి కొడుతోంది. కొట్టినప్పుడల్లా తెల్లగా లేస్తోంది. ఎండ పడినంత మేరా అవే నలుసులు, మెరుస్తూ, నిదానంగా తిరుగుతూ. ఆవిడ మొహం, జుట్టు, తెరిచిన నోరు అన్నీ ఆ వెలుగులోనే ఉన్నాయి. మొహం పక్కకు తిప్పి దగ్గింది. దగ్గు ఆగాక ఏప్రాన్ బకెట్లో వేసి, ఆయన చొక్కా తీసి దులపడం మొదలుపెట్టింది.

మాస్టారు సందు మొగలో నిలబడిపోయారు. జీవితమంతా ఎంతమందికి చూపించారో ఆ పాఠం, ఆయనకు ఎవరూ చూపించలేదు. ఇవాళ టార్చి అక్కర్లేకుండానే చూపించింది ఎండ.

పూత గీకేటప్పుడు నీళ్లు చిమ్మేవారు, నిజమే. ఆ బురద నీళ్లన్నీ ఎగిరి ఏప్రాన్ మీదే పడేవి. బట్టీలో పరిచే దూదిలాంటి పలకలు ఒకసారి కాలాక పొడిపొడిగా రాలతాయి. అదీ ఏప్రాన్ మడతల్లోనే. షెడ్డులో అంతా తడే. ఇంటికి నడిచి వచ్చేలోపు మాత్రం అంతా ఎండిపోయేది.

ఆవిడ చూసింది. "కట్టర్ కోసమేనా? జేబులోంచి తీసి కిటికీలో పెట్టాను. తీసుకునేటప్పుడు చూసుకోండి, వేలు తెగుతుంది," అంది.

"ఇలా... ఎప్పటినుంచి దులుపుతున్నావు?"

"మీరు చెప్పినప్పటినుంచే."

ఆయన ఎప్పుడు చెప్పారు? అప్పుడు గుర్తొచ్చింది. వాషింగ్ మెషీన్ కొత్తగా కొన్న రోజులు. పైపులో తెల్లటి బురద గడ్డకట్టి నీళ్లు పోక ఆగిపోయింది. బాగుచేసేవాడు వచ్చి, ఇలాంటి గుడ్డలు వేస్తే మెషీన్ ఎన్నాళ్లో బతకదండీ అన్నాడు. మాస్టారికి యంత్రాలంటే ప్రాణం. ఆ సాయంత్రమే భార్యను పిలిచి ఒక పాఠం చెప్పారు. "నేరుగా వెయ్యకు. ముందు బాగా దులుపు, గోడకేసి కొట్టు, పొడి అంతా పోవాలి. అప్పుడు వెయ్యి." ఆవిడ ఆయన చెప్పిన పాఠం ఒక్కరోజు కూడా మరవలేదు. షెడ్డులో నేర్చుకున్నవాళ్లలో ఇంత బుద్ధిమంతులు ఎవరూ లేరు. మెషీన్ ఇప్పటికీ కొత్తదానిలా తిరుగుతోంది.

"మాస్కు..." అన్నారు మాస్టారు.

"మాస్కులు షెడ్డులో కదండీ. అక్కడికి నేను రాకూడదుగా," అంది. ఎత్తిపొడుపు కాదు. ఆవిడకు అది చేతకాదు. ఉన్న సంగతి చెప్పింది.

మాస్టారు వెళ్లి ఆవిడ చేతిలోంచి చొక్కా తీసుకున్నారు. దులపకుండా, మడవకుండా, మెల్లగా నీళ్లలో ముంచారు, పసిపిల్లకు నీళ్లు పోసేవాళ్లలాగా. పైపు లాగి ఆవిడ నిలబడ్డ గట్టూ గోడా తడిపారు. ఆయన కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. దుమ్ము పడిందేమోనని ఆవిడ కంగారుపడి, "కళ్లు నులుముకోకండి, భద్రం," అంది.

డాక్టరుకు సంగతి చెప్పారు. ఈసారి పాఠం లేదు, నాలుగు ముక్కల్లో చెప్పారు. డాక్టరు తల ఊపాడు. ఇక దుమ్ము లోపలికి వెళ్లకపోతే ఉన్నది బహుశా పెరగకపోవచ్చు, ఉన్నది మాత్రం ఉంటుంది అన్నాడు. బయటికి కనపడకుండా లోపల మిగిలిపోయేదాని గురించి మాస్టారికి వేరే చెప్పక్కర్లేదు. అలాంటి పళ్లెం ఒకటి అత్తవారింట్లో పగలడం ఆయన చూశారు.

మాస్టారు వడ్రంగి ఇంటికి వెళ్లి, బల్ల ఎప్పటి చోటికి మోయడానికి ఒక పక్క తనే పట్టారు. షెడ్డు గుమ్మం మీది బోర్డు ఊడదీసి, వెనకవైపు కొత్తగా రాసి, లోపలి గోడకు కొట్టారు: "పనిగుడ్డలతో బయటికి పోవద్దు." టార్చి పాఠం ఇప్పుడూ చెబుతారు గానీ కుదించారు. చివర్లో ఒక ప్రశ్న కొత్తగా చేరింది. "మీ బట్టలు ఇంట్లో ఎవరు ఉతుకుతారు?" దానికి చాలామంది నవ్వుతారు. మాస్టారు నవ్వు ఆగేదాకా ఊరుకుని మళ్లీ అడుగుతారు.

ఇంట్లో ఆవిడ కబుర్లు అలాగే ఉన్నాయి, ముక్కలుగా. మధ్యలో దగ్గు వచ్చినప్పుడు మాస్టారు ఇప్పుడు సందు చూసుకుని దూరరు. ముద్ద చేతిలోనే పట్టుకుని కూర్చుంటారు. దగ్గు తగ్గి, ఎక్కడ ఆపానని ఆవిడ వెతుక్కుంటే, "కూరలావిడ తక్కెడ దించింది, అక్కడ," అని అందిస్తారు. చల్లారేదాకా ఆగడం ఆయనకు బట్టీ దగ్గర ఎప్పుడో వచ్చిన విద్య. ఇంటికి తేవడానికే ఇంత కాలం పట్టింది.

బోర్డు మార్చిన రోజు సాయంత్రం పని అయ్యాక బావమరిది పంపు దగ్గరికి వెళితే, అక్కడ అప్పటికే మాస్టారు ఉన్నారు. ఏప్రాన్ బకెట్లో నానుతోంది. ఒళ్లంతా సబ్బు.

బావమరిదికి నవ్వు ఆగలేదు. ఇన్నేళ్ల బాకీ ఇవాళ తీరుతోంది. "ఏం బావా, చివరికి మా అక్క కూడా తిట్టిందా?"

మాస్టారు తల మీద చెంబెడు నీళ్లు పోసుకున్నారు.

"లేదురా. ఒక్కసారి కూడా తిట్టలేదు," అన్నారు. "మీ ఆవిడలా తిట్టి ఉంటే బతికిపోయేవాళ్లం."